ఇద్దరూ వస్తేనే చీటీ

బందరు కోనేరు సెంటరులో డాక్టర్ హేమ క్లినిక్ ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. దారి కనుక్కోవడం తేలికే. లోపలికి వెళ్ళి డాక్టరు గారిని చూడటమే కష్టం, ఎందుకంటే ముందు కృపావతిని దాటాలి. గుమ్మం పక్కన చిన్న బల్ల, బల్ల మీద చీటీల కట్ట, దాని వెనకాల డెబ్భై మూడేళ్ళ కృపావతి. డాక్టరుకి స్వయానా మేనత్త. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, వచ్చినవాళ్ళని పైనుంచి కిందిదాకా చూసి, అందరినీ ఒకటే ప్రశ్న అడుగుతుంది.

"మీ ఆయనేడమ్మా?"

పిల్లలు లేరని వచ్చే ఆడవాళ్ళు ఒంటరిగా రారు. అత్తగారు వస్తుంది, ఆడపడుచు వస్తుంది, ఒక్కోసారి పక్కింటావిడ కూడా తోడొస్తుంది. రానిదల్లా మొగుడు. ఆయనకి చేలో పనుంటుంది, రొయ్యల చెరువు మీద పనుంటుంది, ఏ పనీ లేకపోతే ఎవరినో కలిసే పనుంటుంది. అందుకే హేమ గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది: ఇద్దరూ వస్తేనే చీటీ. చదువురానివాళ్ళకి కృపావతి చదివి వినిపిస్తుంది. చదువొచ్చి కూడా చదవనట్టు నటించేవాళ్ళకి మరికాస్త గట్టిగా వినిపిస్తుంది.

కార్తీకం మొదట్లో ఒక సోమవారం పొద్దున మాణిక్యమ్మ వచ్చింది. గిలకలదిండి హార్బరులో ముప్పై ఏళ్ళు చేపలు పాడి కొన్న మనిషి. వేలంపాటలో నలుగురు మగవాళ్ళ మీద పైచేయి సాధించి సాధించి అరిగిన గొంతు ఆమెది. ఇప్పుడా వ్యాపారం కొడుకు వీరాంజనేయులు చూసుకుంటున్నాడు. మాణిక్యమ్మ వెనకాల కోడలు జానకి నిలబడింది. నాగాయలంక పిల్ల, ముప్పై దాటలేదు, చేతిలో పాత స్కానింగుల ప్లాస్టిక్ కవరు. పెళ్ళయి ఆరేళ్ళు.

"మీ ఆయనేడమ్మా?" అని కృపావతి జానకిని అడిగితే మాణిక్యమ్మ అందుకుంది.

"మావోడు రాడండీ. బోట్లొచ్చే టైము. పాట వదిలేసి ఎలా వస్తాడు?"

"బోట్లు రాని రోజు రమ్మనండి."

"మావోడికేంటండీ, రాయిలా ఉంటాడు. చూడాల్సింది దీన్ని."

"రాయిలా ఉన్నాడుగా, నడిచి రాగలడు. ఇద్దరూ వస్తేనే చీటీ."

ఆ మాటా ఈ మాటా పెరిగి లోపలికి వినిపించేసరికి హేమే బయటికొచ్చింది. డాక్టరు కనబడగానే మాణిక్యమ్మ గొంతు తగ్గించింది గానీ మాట తగ్గించలేదు.

"డాక్టరు గారూ, కార్తీకం వెళ్ళేదాకా చూస్తాం. మా తమ్ముడి కూతురుంది, ఆడితో మాట్లాడేశాను. మా పెద్దలక్కూడా చెప్పాం. ఈలోపు దీని సంగతి మీరు తేలిస్తే సరే. లేదంటే దీన్ని నాగాయలంక పంపించేసి మావోడికి చేసుకుంటాం. నాకేం దీని మీద కోపం లేదు. కానీ వంశం ఉండాలి కదండీ."

కోపం లేదన్న మాట నిజమే. బస్సు దాటిపోతుందని చెప్పినంత మామూలుగా చెప్పింది. జానకి కవరు మీద ఆసుపత్రి పేరు చదువుతున్నట్టు తల వంచుకుని నిలబడింది. హేమకి ఒళ్ళు మండింది. ఇది ఆమె వినని మాట కాదు. ఈ మాట కోసమే ఆమె డాక్టరయింది.

ఆ కథ చెప్పాలంటే కృపావతి దగ్గర మొదలుపెట్టాలి.

కృపావతిది అవనిగడ్డ దగ్గర పల్లె. ఇరవయ్యో ఏట గుడివాడ అవతల ఒక ఊరికి కాపురానికి వెళ్ళింది. మొగుడు నతానియేలు మంచివాడే. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. ఏడేళ్ళకీ కడుపు పండలేదు. నూనె రాసి ప్రార్థన చేసేవాళ్ళ దగ్గరికి తిప్పారు, పసర్లు తాగించారు, చివరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద నలుగురు పెద్దలు కూర్చున్నారు. "నువ్వేమంటావు రా?" అని నతానియేలుని అడిగారు. అతను తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. అంతే. సాయంత్రం బస్సుకి కృపావతిని ట్రంకుపెట్టెతో సహా పుట్టింటికి ఎక్కించారు.

పుట్టింట్లో తమ్ముడు రత్నం, మరదలు కూలికెళ్ళేవాళ్ళు. వాళ్ళకి భారం కాకూడదని కృపావతి బందరొచ్చి ఒక పురుళ్ళ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఎంత ఎకసెక్కం చూడండి. పిల్లల్లేరని తరిమేసిన మనిషికి రోజుకి నలుగురైదుగురు పసిగుడ్డుల్ని కడిగి పొత్తిళ్ళలో చుట్టే పని దొరికింది. ఇరవై రెండేళ్ళు చేసింది. తమ్ముడి కూతురు హేమని చదువుకోసం తన దగ్గరే ఉంచుకుంది. హేమ ఎక్కాలు నేర్చుకుంది ఆ ఆసుపత్రి వరండా బెంచీ మీదే.

హేమకి పదిహేనేళ్ళప్పుడు భీమవరంలో ఏదో పెళ్ళికి వెళ్తూ అత్తా మేనకోడళ్ళిద్దరూ గుడివాడ జంక్షనులో రైలు మారడానికి దిగారు. బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది, చేతిలో చిన్న నూనె సీసా. మాటల్లో పడింది. పద్నాలుగేళ్ళయిందండీ, పిల్లల్లేరు, ఈ ప్రార్థన నూనె రోజూ పొట్టకి రాసుకోమన్నారు, లోపం నాదేనని మా అత్తారు అంటారు, అని చెప్పుకుపోయింది. మీకెందరు పిల్లలని కృపావతిని అడిగింది. "ఒక్కతే, ఇదిగో" అని కృపావతి హేమ భుజం మీద చెయ్యేసింది. అంతలో ఆవిడ మొగుడు రెండు టీ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. వస్తూ వస్తూ బెంచీకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. కృపావతి అతని మొహం వంక చూసింది. అతను చెప్పుల వంక చూసుకున్నాడు.

రైలెక్కాక హేమ అడిగింది. "ఆయనేనా అత్తా?"

"ఊఁ."

"అయితే లోపం నీది కాదుగా. ఆయన్నెవరూ డాక్టరుకి చూపించలేదా?"

కృపావతి కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చుంది. భీమవరం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం హేమ గుండెలో మేకులా దిగింది. పల్లెల్లో ఎంతమంది ఆడవాళ్ళు ట్రంకుపెట్టెలతో బస్సులెక్కారో, అందులో ఎంతమంది మొగుళ్ళని ఒక్కసారైనా పరీక్ష చేశారో తనే లెక్క తేలుస్తానని ఆ పిల్ల అప్పుడే అనుకుంది.

అనుకున్నట్టే చదివింది. గుంటూరులో ఎంబీబీఎస్, తరవాత గైనకాలజీ, ఆ తరవాత చెన్నైలో పిల్లలు లేనివాళ్ళ వైద్యంలో రెండేళ్ళ శిక్షణ. విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో నాలుగేళ్ళు పనిచేసింది. అక్కడ ఆడమనిషి రాగానే రక్తం తీసి, స్కాన్ చేసి, ఇంజెక్షన్లు మొదలుపెట్టేవాళ్ళు. మగమనిషి పరీక్ష మూడో నెలలోనో నాలుగో నెలలోనో, అదీ ఆయన ఒప్పుకుంటే. హేమ పోట్లాడింది. పోట్లాడి పోట్లాడి విసుగొచ్చి బందరు వచ్చేసింది. అంత చదువు చదివి బందరులో ఏం చేస్తావే అన్నారు చుట్టాలు. మా అత్త ఇక్కడే ఉంది కదా అంది.

బందరు క్లినిక్‌లో పెద్ద యంత్రాల్లేవు. పరీక్షలు, మందులు, చిన్న చిన్న చికిత్సలు. టెస్ట్‌ట్యూబ్ పద్ధతి అవసరమైనవాళ్ళని విజయవాడ పంపుతుంది. మంగళవారం గుడివాడ, శుక్రవారం అవనిగడ్డ వెళ్ళి చూసొస్తుంది. ఎక్కడైనా ఒకటే పద్ధతి, మొదటి పరీక్ష మగవాళ్ళకే. అది తేలిక పరీక్ష, సూది గుచ్చక్కర్లేదు, కొయ్యక్కర్లేదు. అయినా దానికే సగంమంది పారిపోతారు.

వీరాంజనేయులు కూడా రాలేదు. వారం చూసింది హేమ. ఫోను చేస్తే ఎత్తలేదు. కార్తీకంలో పది రోజులు గడిచిపోయాయి. పదకొండో రోజు తెల్లవారగానే హేమ స్కూటరు తీసుకుని తనే గిలకలదిండి వెళ్ళింది.

హార్బరు అప్పుడు మంచి రద్దీలో ఉంది. బోట్ల నుంచి ట్రేలు దిగుతున్నాయి, ఒకపక్క చందువా చేపల పాట, ఇంకోపక్క ఐసు గడ్డల్ని మిషనులో వేసి నలగ్గొట్టే రొద. ఆ మధ్యలో వీరాంజనేయులు లుంగీ ఎగ్గట్టి, వేళ్ళతో ధరలు చూపిస్తున్నాడు. ముప్పై అయిదేళ్ళవాడు, తల్లి చెప్పినట్టు రాయిలాగే ఉన్నాడు. డాక్టరుని చూసి గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు. హేమ పాట అయ్యేదాకా చేపల ట్రే పక్కనే నిలబడింది. చీర అంచు నీచునీళ్ళలో తడిసింది. కదల్లేదు.

చివరికి అతనే వచ్చాడు. "ఇక్కడికెందుకొచ్చారు మేడం? అందరూ చూస్తన్నారు."

"మీరు రాలేదు కాబట్టి నేనొచ్చాను. మీ ఆవిణ్ణి పుట్టింటికి పంపిస్తారటగా. అది మీకిష్టమేనా?"

అతను గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మ మాట..."

"మీ అమ్మ సంగతి కాదు. మిమ్మల్నడుగుతున్నాను."

"నాకిష్టం లేదండీ," అన్నాడు నెమ్మదిగా. "కానీ మీ క్లినిక్కి రాలేను. కోనేరు సెంటరులో నాకు తెలియని కొట్టు లేదు. సగం హోటళ్ళకి చేప నేనే వేస్తాను. ఆ మెట్లెక్కితే సాయంత్రానికి హార్బరంతా తెలిసిపోద్ది."

మనిషి అసలు రాకపోవడం కంటే ఇది నయమనుకుని హేమ సంచిలోంచి చిన్న డబ్బా తీసి ఇచ్చింది. "సరే, ఇంటి దగ్గరే శాంపిల్ తీసి, గంట లోపల పక్క గుమ్మంలో మా ల్యాబు అమ్మాయి తనూజకి ఇచ్చెయ్యండి. దారిలో పాడవకుండా జాగ్రత్తగా తీసుకురండి."

ఈ చివరి మాట అనకుండా ఉండాల్సింది. కానీ ఆమెకేం తెలుసు.

మర్నాడు పొద్దున డబ్బా వచ్చింది. తనూజ పరీక్ష చేసి రిపోర్టు రాసింది. వీర్యకణాల సంఖ్య బాగుంది. కదలిక మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. అన్నీ చచ్చిపోయి ఉన్నాయి.

ఇలాంటి రిపోర్టు వచ్చినప్పుడు ఎవరికైనా హేమ ఒకటే చెప్తుంది: ఒక్క పరీక్షతో ఏదీ తేలదు, కొన్నాళ్ళాగి రెండోసారి చేద్దాం. వందలమందికి చెప్పింది. ఆ రోజు తనకు తాను చెప్పుకోలేదు. ఎందుకంటే రిపోర్టు చేతిలో ఉండగానే మాణిక్యమ్మ కోడల్ని వెంటేసుకుని దిగబడింది. వీరాంజనేయులు శాంపిల్ ఇచ్చాడు కాబట్టి కృపావతి కూడా కాదనకుండా చీటీ ఇచ్చింది. మాణిక్యమ్మ కుర్చీలో కూర్చుంటూనే, "మా తమ్ముడోళ్ళు ముహూర్తాలు అడుగుతున్నారండీ," అంది.

హేమకి గుడివాడ ప్లాట్‌ఫారం కళ్ళముందు కదిలింది. ముప్పై ఏళ్ళుగా ఈ కాగితం కోసమే ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

"ముహూర్తాలు పెట్టించండి మాణిక్యమ్మ గారూ. ఒకటి కాదు, పది పెళ్ళిళ్ళు చెయ్యండి. లోపం మీ కోడలిలో లేదు, మీ అబ్బాయిలో ఉంది. ఇదిగో రిపోర్టు."

ఎంత హాయిగా అందో. అన్న క్షణంలో ఆమెకి కలిగిన తృప్తిని దాచిపెట్టడం అబద్ధమే అవుతుంది. వేలంపాటలో ఎన్నడూ ఓడని మాణిక్యమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కోడలికోసం కూడా చూడకుండా వెళ్ళిపోయింది. జానకి మాత్రం సంతోషపడలేదు. ఆమె కళ్ళలో భయం ఉంది.

"ఆయనకి చెప్పకండి మేడం," అంది. "ఆయన తట్టుకోలేరు."

కృపావతి బల్ల దగ్గర్నుంచి అంతా వింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అడిగింది.

"రెండోసారి చేశావా పరీక్ష?"

హేమ చేతిలో ముద్ద ఆగిపోయింది. "లేదు."

"అందరికీ రెండుసార్లంటావుగా. ఆయన ముందు కాకుండా వాళ్ళమ్మ ముందు చెప్పావు కూడా. నా కోసం అన్నావా ఆ మాట, ఆ పిల్ల కోసమా?"

మేనత్త కాబట్టి అడగగలిగింది. హేమకి సిగ్గేసింది. చెయ్యి కడుక్కుని రిపోర్టు మళ్ళీ తీసింది. సంఖ్య అంత బాగుండి, కదలిక అసలు లేకపోవడమేంటి? తనూజని పిలిచి అడిగితే, డబ్బా పైనంతా తడిగా ఉందండీ, కడిగి తెచ్చారనుకున్నాను అంది. వీరాంజనేయులు ఫోను ఎత్తలేదు. తరవాత రెండు రోజులూ ఎత్తలేదు. హార్బరుకి వెళ్తే బోటుతో పాటు సముద్రం మీదికెళ్ళాడన్నారు. ఎప్పుడూ వెళ్ళనివాడు. తల్లి చెప్పేసిందన్నమాట. ఎప్పుడొస్తాడంటే వలకి దొరికినదాన్ని బట్టి అన్నారు. అక్కణ్ణుంచి రోజూ తెల్లవారగానే హార్బరుకి వెళ్ళడం, ఏ బోటొచ్చినా చూడటం, క్లినిక్ టైముకి తిరిగి రావడం. ఐసు మిషను దగ్గరివాళ్ళు ఆమెకి కూర్చోడానికి ఖాళీ ట్రే బోర్లించడం అలవాటు చేసుకున్నారు.

రిపోర్టు వచ్చిన పదో రోజు దొరికాడు. గడ్డం మాసి, కళ్ళు లోతుకి పోయి ఉన్నాడు.

"ఇంకేం మిగిలిందని వచ్చారు మేడం?"

"ఒక్కటి చెప్పండి. ఆ రోజు శాంపిల్ ఎలా తెచ్చారు?"

"మీరు చెప్పినట్టే తెచ్చానండీ, పాడవకుండా. ఐసు బాక్సులో అడుగున నలగ్గొట్టిన ఐసు పరిచి, డబ్బా పెట్టి, పైన ఇంకో రెండు కేజీలు కప్పాను. దారిలో ఎక్కడా మూత తియ్యలేదు." ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహంలో కాస్త గర్వం కూడా ఉంది. సరుకు చెడకుండా చేర్చడంలో అతనికి వంక పెట్టినవాడు ఆ హార్బరులో లేడు.

హేమకి నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. చేపలు అమ్మేవాడితో పాడవకుండా తీసుకురా అని చెప్తే ఇంకేం చేస్తాడు? ఐసు పెట్టకపోతే ఆశ్చర్యపడాలి. ఒంటి వేడి తగలకుండా, చలికి బిగుసుకుని అన్నీ దారిలోనే చచ్చిపోయాయి.

"తప్పు నాది," అంది. "ఎలా తేవాలో సరిగ్గా చెప్పలేదు. రెండోసారి చెయ్యకుండా మీ అమ్మగారి ముందు నోరు జారాను. అదింకా పెద్ద తప్పు. క్షమించండి వీరాంజనేయులు గారూ."

చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు.

"అయితే నాకేం లోపం లేదా?"

"తెలీదు. మళ్ళీ చెయ్యాలి. ఈసారి క్లినిక్‌లోనే."

"వస్తాను," అన్నాడు. "ఇద్దరం వస్తాం."

రెండు రోజుల తరవాత, పన్నెండింటికి, కోనేరు సెంటరు కళకళలాడుతుండగా, వీరాంజనేయులు జానకితో కలిసి ముందు గుమ్మంలోంచే మెట్లెక్కాడు. కిందనుంచి హోటలాయనెవరో, "ఏం వీరా, ఇటొచ్చావేంటి?" అని అరిస్తే, "పిల్లల కోసం రా," అని అంతకంటే గట్టిగా చెప్పాడు. కృపావతి చీటీ రాస్తూ మొదటిసారి కళ్ళజోడు తీసి అతన్ని చూసింది.

ఈసారి అతని రిపోర్టు బాగుంది. అన్నీ బాగున్నాయి.

ఇప్పుడు జానకికి పరీక్షలు. గర్భసంచిలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. మందు రెండువైపులా నాళాల దగ్గర ఆగిపోయింది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన ఇన్‌ఫెక్షన్ తాలూకు మూత. హేమ ఫిల్ము దీపం ముందు పెట్టి మళ్ళీ చూసింది. ఎవరిలో లోపం ఉందో వాళ్ళదే తప్పన్నట్టు మాట్లాడి, ఆ కత్తి మాణిక్యమ్మ చేతికి తనే ఇచ్చింది. కార్తీకం ఇంకా నాలుగు రోజులే ఉంది. జానకి ట్రంకుపెట్టె తనే సర్దినట్టయింది. అయినా దాచే పని లేదు. ఎవరిని ఎలా ఒప్పించాలో, మాణిక్యమ్మ ఇంటికి ఎన్నిసార్లు తిరగాలో మనసులో సిద్ధం చేసుకుని ముగ్గుర్నీ పిలిపించింది. అందరి ముందూ చెప్పొచ్చా అని ఈసారి జానకిని ముందే అడిగింది. చెప్పండి మేడం, దాచి ఏం చేస్తాను అంది జానకి.

హేమ చెప్పింది. నాళాలు మూసుకుపోయాయని, మందులతో తెరుచుకోవని, టెస్ట్‌ట్యూబ్ పద్ధతి ఒక్కటే దారని, అది కూడా మొదటిసారే ఫలిస్తుందన్న హామీ లేదని.

మాణిక్యమ్మ నిటారుగా కూర్చుంది. "అయితే దీందే కదా. మొన్న లోపం ఎవరిదైతే తప్పు వాళ్ళదేనన్నట్టు చెప్పారు మీరు. ఇప్పుడు మీ నోటితోనే చెప్పారు. నేను మా తమ్ముడికి..."

"అమ్మా, ఆగు."

వీరాంజనేయులు కుర్చీలోంచి లేచాడు. తల వంచుకోలేదు. తిన్నగా తల్లి మొహంలోకి చూశాడు.

"పన్నెండు రోజులు లోపం నాదే అనుకున్నాం కదా. ఆ పన్నెండు రోజుల్లో నన్ను ఇంట్లోంచి పొమ్మన్నావా?"

"నిన్నెందుకు పొమ్మంటాన్రా?"

"బోటు దిగొచ్చిన రోజు వంజరం చేప ముక్కలన్నీ నా కంచంలోనే వేశావు. దిగులుపడకు నాన్నా, పిల్లలు లేకపోతే చచ్చిపోతామా అన్నావు. నా మొహం చూసి ఏడ్చావు. మరి జానక్కి వేరే సంబంధం చూద్దామన్నావా? పాపం దానికి వంశం ఉండొద్దా అన్నావా?"

మాణిక్యమ్మ లేవబోతే అతను చెయ్యి చూపించి ఆపాడు.

"ఆ పన్నెండు రోజులకే నాకు బతకాలనిపించలేదు. ఇది ఆరేళ్ళు పడింది, అమ్మా. దాని కంచంలో ఒక్కనాడూ ముక్క వెయ్యలేదు మనం. నేనూ వెయ్యలేదు." అతను జానకి కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "దీన్ని పంపిస్తే నేనూ నాగాయలంక బస్సెక్కుతాను. పెద్దల్ని కూర్చోబెట్టు. వాళ్ళ ముందు కూడా ఇదే చెప్తాను."

జానకి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చినట్టుంది, ఆపుకోలేకపోయింది. మాణిక్యమ్మ కొడుకుని చూసింది, కోడల్ని చూసింది, డాక్టరుని చూసింది. తన పక్షాన మాట్లాడేవాళ్ళు ఎవరూ దొరకలేదు. లేచి బయటికి నడిచింది. ఈసారి కూడా ఎవరికోసం చూడలేదు.

హేమ చెప్పాలనుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. చెప్పే అవసరం రాలేదు. విజయవాడలో చూపించాల్సిన డాక్టరుకి ఉత్తరం రాసి ఇచ్చింది. కష్టపడాల్సి వస్తుందని, ఒకసారి కాకపోతే రెండోసారి చూద్దామని, ఏ సందేహం వచ్చినా తన దగ్గరికే రావాలని చెప్పింది. "ఈసారి ఐసు పెట్టకండి," అంటే ఇద్దరూ ఏడుపులోనే నవ్వారు.

వాళ్ళు బయటికి వచ్చేసరికి మాణిక్యమ్మ ఇంటికి పోలేదు. కృపావతి బల్ల ముందు నిలబడి ఉంది.

"విజయవాడకి ఇద్దరికే చీటీ ఇస్తారా? ముసలోళ్ళని రానివ్వరా?"

కృపావతి కళ్ళజోడు జార్చి ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. "మీకు చీటీ లేదు. బెంచీ ఉంటుంది, కూర్చోవచ్చు. అమ్మాయికి అన్నం కట్టి తీసుకెళ్ళండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది."

"వంజరం వండుతాలే," అంది మాణిక్యమ్మ, ఎవరి వంకా చూడకుండా.

ముగ్గురూ మెట్లు దిగి వెళ్ళారు. ఇంకా తొమ్మిది జంటలు కూర్చుని ఉన్నాయి. హేమ వచ్చి తరవాతి పేరు పిలవబోతే కృపావతి ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. గుడి మెట్ల రోజు గురించి నలభై అయిదేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి, జంటలందరి ముందూ మాట్లాడింది.

"ఆయనకి కూడా పరీక్ష చేసి ఉంటే నా బతుకు నిలబడేదని ఇన్నాళ్ళూ అనుకున్నానే. నువ్వూ అదే అనుకున్నావు. పరీక్ష కాదే హేమా. లోపం ఎవరిదైతేనేం. ఆ రోజు పెద్దలు అడిగినప్పుడు ఆయన తలెత్తి ఒక్క మాట అని ఉంటే చాలు. పిల్లలు లేకుండానే సుఖంగా ఉండేదాన్ని."

హేమ అత్త చేతిని రెండు చేతులతో పట్టుకుంది. గోడ మీద రాత అలాగే ఉంది, ఇద్దరూ వస్తేనే చీటీ. కృపావతి కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అప్పుడే మెట్లెక్కి ఒంటరిగా వచ్చిన ఒక అమ్మాయి వంక చూసింది.

"మీ ఆయనేడమ్మా?"

"బండి పెట్టి వస్తున్నారండీ."

"రానీ," అంది కృపావతి, చీటీ మీద రెండు పేర్లకి చోటు వదిలి.